పర్ధాన్ కిక్రి – సర్కారు పద్దు

మా రాజ్‌గోండుల చరిత్ర చాలాకాలం పుస్తకాల్లో లేదు. పర్ధాన్ల నోట్లో ఉంది. నాలుగు దేవతల సగ, ఐదు దేవతల సగ, ఆరు, ఏడు – ఎవరి సగ కథ వాళ్లకు ఉంది. పెర్సపేన్ పూజలప్పుడు, పెళ్లికి, చావుకు పర్ధాన్ కిక్రి పట్టుకొని వచ్చి ఆ కథ పాడతాడు. మూల పురుషుడు ఎవరు, ఏ దారిన వచ్చారు, ఎవరితో వియ్యం కుదురుతుంది, ఎవరితో కుదరదు – అన్నీ అందులోనే. ఇంట్లో మరాఠీ మాట్లాడే పర్ధాన్ కూడా కథ దగ్గరికి వచ్చేసరికి గోండీలోకి మారతాడు.

ఈ పాటకు ఒక పద్దు ఉండేది. కథ ఎవరిదో ఆ గోండు కుటుంబాలు పర్ధాన్‌కు జొన్నలు ఇచ్చేవి, బట్టలు పెట్టేవి, కలిగినవాళ్లు ఎద్దునో ఆవునో ఇచ్చేవాళ్లు. అది బిచ్చం కాదు, హక్కు. తండ్రి తర్వాత కొడుకుకు అదే ఇళ్లు దక్కేవి. ఇవాళ కళాపోషణ అనీ గ్రాంటు అనీ పిలిచేదాన్ని మా ఊళ్లలో జొన్న గుమ్మి నడిపింది.

గుమ్మి ఎప్పుడు ఖాళీ అయింది? భూమి పోయినప్పుడు. నిజాం కాలంలో అడవికి రిజర్వు గీతలు గీశారు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు పడ్డాక బయటి రైతులు, షావుకార్లు ఇంకా ఎక్కువగా వచ్చారు. పట్టా కాగితం అంటే ఏమిటో తెలియని గోండులు తాము దున్నిన నేలలోనే కూలీలయ్యారు. గోండుకే జొన్నలు లేనప్పుడు పర్ధాన్‌కు ఏం పెడతాడు? పర్ధాన్ కూడా కూలికి పోయాడు. కొడుకు కిక్రి నేర్చుకోలేదు. మా కళలు ఆధునికత వల్ల అంతరిస్తున్నాయని రాసేవాళ్లు ఈ సంగతి రాయరు. సినిమా రాకముందే, రేడియో రాకముందే మా కథకుడి పొట్ట మీద దెబ్బ పడింది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన సహచరులు చనిపోయాకగానీ నిజాం సర్కారుకు గోండులు ఎందుకు తిరగబడ్డారన్న ప్రశ్న పుట్టలేదు. అది తెలుసుకోవడానికే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపారు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లవాడికి గోండు పంతులే గోండీలో చదువు చెప్పాడు. అదే కాలంలో భూమి పట్టాలూ వచ్చాయి. 1940ల చివరికి లక్ష ఎకరాలకు పైగా భూమి మావాళ్ల పేర రాశారు.

మా భాషకు, కథకు సర్కారు చేసిన సాయాల్లో ఇదే మేలైనదని మా అభిప్రాయం. మార్లవాయి బడి గురించి చెప్పేవాళ్లు సాధారణంగా హైమన్‌డార్ఫ్ మంచితనం దగ్గర ఆగిపోతారు. ఆయన మంచివాడే, మావాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కానీ ఆయన్ను ఇక్కడికి రప్పించింది జోడేఘాట్‌లో పారిన రక్తం. బడి, పట్టా ఒకే చేత్తో వచ్చాయి కాబట్టే ఆ బడి పనిచేసింది.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాం. 1948లో నిజాం పాలన పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, గోండీ వాచకాలు మూలపడ్డాయి, బడి తెలుగు బడి అయింది. 2004లో మళ్లీ మాతృభాషలో చదువు అన్నారు. గోండీ, కోలామీ, కోయ, సవర వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు వేశారు. ఈసారి లిపి తెలుగు. రెండేళ్లకు, 2006లో, నార్నూరు మండలం గుంజాలలో గోండీకి సొంత లిపి ఉన్న రాతప్రతులు వెలుగులోకి వచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వాటిని లోకానికి చూపించారు. కొన్ని 1750 ప్రాంతానివని పండితుల అంచనా. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. తాత దేవనాగరిలో, మనవడు తెలుగులో, మునిమనవరాలు గుంజాల లిపిలో – ఒక్క ఇంట్లో మూడు తరాలు ఒకే భాషను మూడు లిపుల్లో దిద్దుకునే పరిస్థితి. ఏ వాచకమూ ఒక తరం మొత్తానికి అందేంతకాలం నడవలేదు.

మ్యూజియాలకు మాత్రం కొదవ లేదు. గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ 1963 నుంచి హైదరాబాద్‌లో ఉంది. మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. జోడేఘాట్‌లోనే భీం పేరుతో మ్యూజియం కట్టారు. అది మా నేల మీద ఉంది, ఆశ్వయుజ పౌర్ణమికి మావాళ్లు వేలల్లో వెళ్తారు, దాన్ని మేము తక్కువ చేయం. అయితే ఇంద్రవెల్లి సంగతి కూడా ఉంది. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ల స్తూపం దగ్గర పువ్వు పెట్టడానికి కూడా మావాళ్లకు ఏళ్ల తరబడి ఆంక్షలే. నిజాం మీద పోరాడిన గోండుకు మ్యూజియం దొరికింది. స్వతంత్ర దేశంలో చనిపోయిన గోండుకు నివాళి దొరకడానికే అన్నేళ్లు పట్టింది.

బిరుదుల విషయమూ ఇంతే. మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయినప్పుడు అధికార లాంఛనాలు జరిగాయి. గర్వపడ్డాం. ఈమధ్య దండారి బృందాలకు కొంత నగదూ ఇస్తున్నారు, ఊరికి వచ్చిన విడిది బృందానికి అన్నం పెట్టే ఖర్చుకు అది అక్కరకొస్తుంది. కానీ గుస్సాడీ అంటే దీపావళి ముందు రోజుల్లో దీక్ష పట్టి ఆడేది. నెమలి పింఛాల కిరీటానికి ముందు పూజ చేయాలి. ఎండాకాలంలో మంత్రి కారు దిగే చోట నిలబెట్టి ఆడిస్తే అది పోషణ ఎలా అవుతుంది? 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రం ఇత్తడి కొనిపెట్టదు, మైనం తెచ్చిపెట్టదు. ఓజా కళాకారుడు వాటిని బజారు ధరకే కొనుక్కోవాలి.

గ్రంథాలయాల లెక్క ఇంకా చిత్రం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పెద్ద మేడలున్న చోట పెద్ద పన్ను, గడ్డి కప్పుల గూడెంలో నామమాత్రం. మేడలు లేని జిల్లా గ్రంథాలయ సంస్థకు రాబడి పలచన. ఈ చట్టం చేసినవాళ్లకు మామీద పగేమీ లేదు, వాళ్ల లెక్కలో ఇటుక గోడ లేని ఊరు లేదంతే. ఏజెన్సీ గ్రంథాలయాలకు ఈ 8 పైసలతో సంబంధం లేకుండా గిరిజన ఉపప్రణాళిక నుంచి నేరుగా నిధి రావాలి. ఆ నిధిలో పర్ధాన్‌కు నెలజీతం ఉండాలి. బీరువాకు డబ్బు పెట్టేవాళ్లు పుస్తకానికీ పెట్టాలి కదా, మా పుస్తకం ఆయనే.

మరొకటి ఉంది, దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు, ఫిల్ములు, రాసుకున్న నోట్లు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలో మా ఊళ్లు, మా ముత్తాతలు, కిక్రి పట్టుకున్న పర్ధాన్లు ఉన్నారు. వాటి ప్రతులను ఉట్నూరుకు, మార్లవాయికి తెప్పించి, మావాళ్ల ముందు పెట్టాలి. ఫొటోలో ఉన్నది ఏ సగవాళ్లో, ఎవరి ఇంటివాళ్లో, చేతిలో ఉన్న కిక్రి ఏ ఊరిదో చూసి చెప్పగల ముసలివాళ్లు మా గూడేల్లో ఇంకా కొద్దిమంది ఉన్నారు.