కమానుల్లో పూడ్చిన గోడ

ఇంగ్లండు పల్లె చర్చిల గురించి ఏ పుస్తకం తెరిచినా ముందు శైలుల పాఠమే. గుండ్రటి కమాను నార్మన్, సన్నగా కొనదేలిన కిటికీ ఎర్లీ ఇంగ్లిష్, రాతి అల్లిక మెలికలు తిరిగితే డెకరేటెడ్, నిట్టనిలువు గీతలైతే పర్పెండిక్యులర్. ఈ వరసను 1817లో స్థిరపరిచినవాడు థామస్ రిక్‌మన్. గోడలు లేపిన మేస్త్రీలకు ఈ మాటలేవీ తెలియవు. ఊళ్లో జనం ఎంతమంది, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అన్నవే వాళ్లకు కావలసిన లెక్కలు.

డరమ్ కౌంటీలోని ఎస్కమ్ చర్చి 7వ శతాబ్దం చివరిది. దానికి రాళ్లు బించెస్టర్‌లోని పాడుబడ్డ రోమన్ కోట నుంచి వచ్చాయి. రోమన్ సైన్యపు ఆరో దళం (లీజియన్) పేరు చెక్కిన రాయి ఒకటి గోడలో తలకిందులుగా ఉంది. పేర్చినవాడికి చదువు రాదో, వచ్చినా లక్ష్యపెట్టలేదో! పొడవాటి ఇరుకు గది, తూర్పున కమాను దాటితే చిన్న గది, అంతే నిర్మాణం. పెద్దది జనం నిలబడే నేవ్, చిన్నది పూజ జరిగే ఛాన్సెల్. 13వ శతాబ్దానికి ఖర్చు కూడా ఆ కమాను దగ్గరే రెండుగా చీలింది. ఛాన్సెల్ మరమ్మతు చర్చి ఆదాయం అందుకునే రెక్టారు వంతు, నేవ్ ఊరివాళ్ల వంతు. ఊరు కలిసొచ్చినచోట నేవ్ ఎత్తుగా లేచి, పక్కన ఛాన్సెల్ పాతగా కుదించుకుపోయి కనిపించడంలో వింతేమీ లేదు.

ఈ కథంతా ఒక్కచోట చూడాలంటే యార్క్‌షైర్‌లోని వరమ్ పెర్సీకి వెళ్లాలి. ఊరు లేదు, చర్చి మొండిగోడలున్నాయి. మారిస్ బెరెస్‌ఫర్డ్, జాన్ హర్స్ట్ ఏళ్ల తరబడి అక్కడ తవ్వకాలు జరిపించారు. నేల కింద మొదట 10వ శతాబ్దపు చెక్క చర్చి ఆనవాళ్లు, దానిపై రాతి కట్టడాలు బయటపడ్డాయి. జనం పెరిగిన 12, 13 శతాబ్దాల్లో నేవ్‌కు పక్క నడవలు కలిపారు. పాత గోడ మొత్తం పడగొట్టకుండా, అందులోనే కమానులు తొలిచి పక్కకు విస్తరించడం ఆ కాలపు పల్లెల్లో మామూలే.

1348–49లో ప్లేగు వచ్చింది. వరమ్ ఒక్కసారిగా ఖాళీ కాలేదు, క్రమంగా చిక్కిపోయింది. 1500 నాటికి పొలాలు గొర్రెల మేతబీళ్లయ్యాయి. నిండని నడవలు ఎందుకని కూల్చేసి, కమానులను రాళ్లతో పూడ్చేశారు. ఆ పూడ్పు ఇప్పటికీ కంటికి ఆనుతుంది. నాకైతే ఏ శిల్పం కంటే ఆ అతుకే ఎక్కువ చెబుతుంది.

అదే రోజుల్లో సఫోక్‌లో ఉన్ని బట్టల వ్యాపారం జోరు మీదుంది. లావెన్‌హమ్‌లో ఆ డబ్బుతో 140 అడుగుల గోపురం లేచింది. గొర్రె ఒక ఊరి చర్చిని కుదించి, ఇంకో ఊరి చర్చిని ఆకాశానికెత్తింది!

16వ శతాబ్దపు మత సంస్కరణలో పల్లె చర్చిల బొమ్మలకు సున్నం పూశారు. సఫోక్‌లోని వెన్‌హాస్టన్‌లో తీర్పుదినపు చిత్రమున్న చెక్కలు అలాగే ఉండిపోయాయి. 1892లో మరమ్మతుల్లో పనికిరానివని బయట పడేస్తే, రాత్రి వానకు సున్నం కరిగి బొమ్మలు తేలాయి.

వరమ్ చర్చి మాత్రం ఊరు పోయాక కూడా చాలాకాలం నడిచింది. పొరుగున ఉన్న థిక్సెన్‌డేల్ వాళ్లు 1870లో సొంత చర్చి కట్టుకునేదాకా నడిచి ఇక్కడికే వచ్చేవారు. 1959లో గోపురం సగం కూలింది. మిగతా సగం నిలబడే ఉంది.