ధర, నాణ్యత, నమ్మకం: అమీర్‌పేట–పంజాగుట్టల్లో ఈథర్నెట్ కేబుల్ చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఈథర్నెట్ కేబుల్ పరిణామంలోని ముఖ్య దశలను వివరించగలుగుతారు.
• రాగి ధరకూ, కేబుల్ నాణ్యతకూ గల సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• చారిత్రక ఆధారాలను పరిశీలించే పద్ధతిని ఒక నిత్యావసర వస్తువుకు అన్వయించగలుగుతారు.

1. పరిచయం

అమీర్‌పేటలో మైత్రీవనం వద్ద నిలబడి తల ఎత్తి చూస్తే ముందుగా కంప్యూటర్ శిక్షణ సంస్థల బోర్డులు కనిపిస్తాయి. కొంచెం పరికించి చూస్తే గోడల వెంట, కిటికీల గుండా సాగే తీగలు కనిపిస్తాయి. బోర్డుల గురించి చాలామంది రాశారు. తీగలను పట్టించుకున్నవారు తక్కువ. ఆ తీగల్లో ఒకటైన ఈథర్నెట్ కేబుల్ ఎలా పుట్టింది, ఇక్కడికి ఎలా చేరింది, సరసమైన ధరకు మంచి కేబుల్‌ను ఎలా ఎంచుకోవాలి అనే అంశాలను ఈ భాగంలో చర్చిద్దాం. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ, హాస్టల్ గదిలోనో ఇంట్లోనో ఆన్‌లైన్ పాఠాలు వింటున్నవారు. కాబట్టి ఇది మీకు సంబంధించిన విషయమే.

2. ప్రయోగశాల నుండి ప్రమాణం వరకు

రెండు తీగలను ఒకదానితో ఒకటి మెలితిప్పితే బయటి విద్యుత్ అలజడి తగ్గుతుందని గుర్తించి, అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో పేటెంట్ పొందాడు. టెలిఫోన్ కోసం వచ్చిన ఈ ఉపాయమే నేటి ఈథర్నెట్ కేబుల్‌కు మూలం. 1973 మే 22న అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఒక అంతర్గత లేఖలో ఈథర్నెట్ ఆలోచనను వివరించాడు. తొలి ఈథర్నెట్ లావైన కోయాక్సియల్ కేబుల్‌పై నడిచింది. 1983లో ఐఈఈఈ 802.3 ప్రమాణం ఆమోదం పొందింది. 1990లో మెలితిప్పిన జంట తీగలపై సెకనుకు 10 మెగాబిట్ల వేగానికి, 1995లో 100 మెగాబిట్లకు, 1999లో 1000 మెగాబిట్లకు ప్రమాణాలు వచ్చాయి.

3. అమీర్‌పేటకు చేరిన తీగ

1990వ దశకంలో, ముఖ్యంగా 2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల సమస్య వల్ల ప్రోగ్రామర్లకు గిరాకీ పెరిగినప్పుడు, అమీర్‌పేట శిక్షణ కేంద్రంగా ఎదిగింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ఇక్కడ చదివి మాదాపూర్‌కూ, అమెరికాకూ వెళ్ళారు.

అప్పటి ల్యాబులలో సన్నని కోయాక్సియల్ తీగ ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు గొలుసులా సాగేది. ఎక్కడో ఒకచోట కనెక్టర్ వదులైతే వరుస మొత్తం ఆగిపోయేది. జంట తీగల కేబుల్, హబ్ వచ్చాక ఒక్కో యంత్రానికి ఒక్కో తీగ ఏర్పడింది. ఒకటి పాడైనా మిగిలినవి పనిచేసేవి. రుసుము కట్టి గంట సమయం పొందిన విద్యార్థికి ఇది చిన్న మార్పు కాదు. తరువాత సైబర్ కేఫ్‌లు, హాస్టళ్ళు, పంజాగుట్ట కార్యాలయాలు ఇదే తీగను వాడుకున్నాయి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం ఎక్కువగా చేరే సంస్థలలో సీసీ కెమెరాలను తప్పనిసరి చేయడంతో ఈ కేబుల్‌కు మరో అవసరం తోడైంది.

4. రాగి ధర, అల్యూమినియం ప్రవేశం

2003–2006 మధ్య ప్రపంచ విపణిలో రాగి ధర మూడు రెట్లకు పైగా పెరిగింది. కేబుల్ ఖర్చులో ప్రధాన భాగం రాగిదే. అందువల్ల అల్యూమినియం తీగపై రాగి పూత పూసిన చౌక కేబుళ్ళకు మార్కెట్లో చోటు దొరికింది. అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో సుమారు 60 శాతమే. పైగా అది వంచితే త్వరగా విరుగుతుంది. కెమెరాలకు కేబుల్ ద్వారానే విద్యుత్తు పంపే పద్ధతికి 2003లో ప్రమాణం వచ్చింది. ఆ పద్ధతిలో నిరోధం ఎక్కువగా ఉన్న తీగ వేడెక్కుతుంది, దూరంలోని కెమెరాకు చాలినంత విద్యుత్తు అందదు. ఈథర్నెట్ కేబుల్ ప్రమాణాలు ఇటువంటి తీగను అంగీకరించవు.

పదవీ విరమణకు ముందు నేను బాధ్యత వహించిన ఒక అధ్యయన కేంద్రంలో కంప్యూటర్ గదికి కేబుల్ వేయించాం. మూడు కొటేషన్లు పిలిచి, అతి తక్కువ ధరకు సంతకం చేసింది నేనే. ఏడాది తిరగకముందే కనెక్టర్ల వద్ద తీగలు విరగసాగాయి. ఒక ఆదివారం దూరపు మండలాల నుండి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన విద్యార్థులు ప్రాక్టికల్ చేయకుండానే తిరిగి వెళ్ళారు. వారిలో కొందరికి ఆ రోజు కూలి కూడా పోయింది. తీగను గీసి చూస్తే లోపల తెల్లగా ఉంది. మా కొటేషన్ పత్రంలో "పూర్తి రాగి" అన్న రెండు మాటలు లేవు. మిగిల్చిన సొమ్ము కంటే మళ్ళీ తీగ లాగించిన కూలి ఎక్కువైంది.

5. కేబుల్‌ను శాసనంలా చదవడం

తామ్రశాసనాలలో కూట శాసనాలు కూడా ఉంటాయని మీరు చదివారు. చరిత్రకారుడు లిపిని, తేదీని, ముద్రను పరిశీలించి వాటిని గుర్తిస్తాడు. ఇదే పద్ధతి కేబుల్‌కూ వర్తిస్తుంది.

బాహ్య విమర్శ: పైతొడుగుపై తయారీదారు పేరు, కేటగిరీ, తీగ మందం, ప్రమాణం, మీటర్ల గుర్తులు స్పష్టంగా ఉన్నాయా? మీటర్ల అంకెలు వరుసగా సాగుతున్నాయా? అయితే అక్షరాలను ఎవరైనా అచ్చువేయగలరు. కాబట్టి ఇంతటితో ఆగరాదు.

అంతర విమర్శ: చిన్న ముక్క తీసుకుని తీగను బ్లేడుతో గీయండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా ఉంటే అల్యూమినియం. తరువాత బరువు చూడండి. 305 మీటర్ల బాక్స్‌లో సుమారు అర మిల్లీమీటరు మందం గల 8 తీగలు ఉంటే, లెక్క ప్రకారం రాగి ఒక్కటే దాదాపు నాలుగున్నర కిలోలు తూగాలి. రాగి పూత పూసిన అల్యూమినియమైతే అది రెండు కిలోలు కూడా ఉండదు. దుకాణదారు "ప్యూర్ కాపరే సార్" అన్నా తక్కెడ వేరే మాట చెప్పవచ్చు.

6. సరసమైన ధర అంటే ఏమిటి?

సరసమైన ధర అంటే అతి తక్కువ ధర అని అర్థం కాదు. అవసరానికి మించి కొనడమూ నష్టమే. క్యాట్ 5ఇ కేబుల్ 100 మీటర్ల వరకు సెకనుకు 1000 మెగాబిట్లను మోయగలదు. సాధారణ ఇంటికి ఇది చాలు. క్యాట్ 6 సుమారు 55 మీటర్ల వరకు దానికి పది రెట్ల వేగాన్ని ఇస్తుంది. గోడలో పది, పదిహేనేళ్ళు ఉండే తీగకు క్యాట్ 6 తగినది. గోడలో వేసేందుకు ఒంటి తీగ రకం, బల్లపై తరచూ కదిలే చోట పోగుల తీగ రకం ఎంచుకోవాలి.

బాక్స్ ధరను మీటర్లతో భాగించి, ఒకే కేటగిరీ, ఒకే మందం, పూర్తి రాగి గల వాటినే పోల్చండి. కనీసం మూడు దుకాణాలు అడగండి. బిల్లుపై "పూర్తి రాగి" అని రాయించుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళవలసి వస్తే ఆ బిల్లే మీ ప్రాథమిక ఆధారం.

7. సారాంశం

టెలిఫోన్ కోసం పుట్టిన మెలితిప్పిన తీగ ఈథర్నెట్ ప్రమాణాల ద్వారా అమీర్‌పేట ల్యాబులకు చేరింది. రాగి ధర పెరుగుదల నాసిరకం కేబుల్‌కు దారి తీసింది. దాని భారం చివరకు పడేది ఆ తీగపై ఆధారపడి చదువుకునే వారిపైనే. ఆధారాన్ని పరీక్షించనిదే నమ్మరాదన్న చరిత్రకారుని నియమం కొనుగోలుదారునికీ వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కోయాక్సియల్ తీగ స్థానంలో జంట తీగల కేబుల్ రావడం వల్ల ల్యాబులలో వచ్చిన మార్పు ఏమిటి?
2. బాహ్య, అంతర విమర్శలను కేబుల్ పరిశీలనకు ఎలా అన్వయిస్తారు?
3. మీ ఇంట్లో లేదా హాస్టల్‌లో ఉన్న ఒక కేబుల్‌పై అచ్చు చదివి, దాని నుండి తెలిసే విషయాలను పది వాక్యాలలో రాయండి.