వస కొమ్ము నుంచి భవిత కేంద్రం దాకా

బిడ్డకు మాట త్వరగా రావాలన్న తపన నల్లమల అంచున ఉన్న లింగాలకైనా, తెలుగునాట ఏ పల్లెకైనా కొత్తది కాదు. వస కొమ్మును సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని చనుబాలతోనో తేనెతోనో పసికందు నాలుకకు రాయడం తరతరాల ఆచారం. ఆ మందును సమర్థించలేం. వసలోని రసాయనాల వల్ల హాని ఉందని అమెరికా 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించింది. అయితే మాట సంగతి తొలి నెలల్లోనే పట్టించుకోవాలన్న అవ్వల గ్రహింపు మాత్రం సరైనదే. మందు తప్పినా వాళ్లకు అదను తెలుసు. మన ప్రభుత్వాల చరిత్ర దీనికి తలకిందులు: పద్ధతి తెలిసింది, అదను తప్పింది.

మైసూరులో వాక్కు, వినికిడి సంస్థ 1965లోనే వెలిసింది. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో జాతీయ సంస్థ, ఆ తర్వాత సికింద్రాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం వచ్చాయి. నిపుణులు తయారయ్యారు గానీ, 1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో మాటకు చోటు లేదు. 2001 జనగణన మాట వైకల్యాన్ని విడిగా లెక్కపెట్టింది. 2011 నాటికి ఆ సంఖ్య దేశంలో దాదాపు 20 లక్షలు. చట్టంలో పేరెక్కడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా నిర్వచనం శాశ్వత వైకల్యం గురించే మాట్లాడింది. రెండేళ్లు నిండినా 'నీళ్లు తా' అని రెండు మాటలు కలపలేని బిడ్డకు కావలసింది సర్టిఫికెట్ కాదు, వెంటనే సాయం.

ఆ సాయానికి దారి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఉంది. దాని వైద్య బృందాలు ఏటా రెండుసార్లు అంగన్‌వాడీలకు వెళ్లి, మాట ఆలస్యాన్నీ గమనించాలి. మండలాల్లోని భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసమే ఉన్నాయి. 'మేనమామకూ ఆలస్యంగానే మాటొచ్చింది, వీడికీ వస్తుంది' అంటారు పెద్దలు. కొందరికి వస్తుంది, నిజమే. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం. వినికిడి లోపమే కారణమైతే ఎదురుచూసిన ప్రతి నెలా నష్టమే. కాబట్టి ముందు చెవి పరీక్ష జరగాలి. స్పీచ్ థెరపిస్టులు పట్నాల్లో ఉంటే అప్పాపూర్ లాంటి చెంచు పెంటలకు ఏం ఒరుగుతుందన్నది ఇంకా గట్టి ప్రశ్న. కానీ థెరపిస్టు చేతిలో ఉండేది గంటసేపు, తల్లి చేతిలో ఉండేది రోజంతా. బువ్వ పెడుతూ వస్తువు చూపి పేరు పలకడం, బిడ్డ బదులిచ్చేదాకా ఆగడం, తప్పు పలికితే గద్దించకుండా సరైన మాట మళ్లీ వినిపించడం ఏ తల్లికైనా నేర్పవచ్చు. నేర్పే మనిషి నెలకోసారైనా లింగాలకు రావాలి. అది సర్కారు బాధ్యత. అడిగి సాధించుకోవడం మన హక్కు.