ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే: షెల్ స్క్రిప్టులు రాసేవారికి ఒక జాగ్రత్త

ఫోన్లు నిండినప్పుడల్లా ఫోటోలను లినక్స్ ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి హార్డ్‌డిస్క్‌లోకి మార్చే పని మా ఇంట్లో నాదే. బీఎస్సీలో నేర్చుకున్న కొద్దిపాటి కంప్యూటర్స్‌తో రెండు బ్యాష్ స్క్రిప్టులు రాసుకున్నాను. మొదటిది ఫోల్డర్‌ను డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ పేరును రెండోదానికి అందిస్తుంది. రెండోది ఆ ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్ నుంచి తీసేస్తుంది.

ఒకరోజు "నాన్న షష్టిపూర్తి" అనే ఫోల్డర్ ఇచ్చాను. కాపీ సరిగ్గానే అయింది. కానీ డిలీట్ అయింది మాత్రం పక్కనే ఉన్న "నాన్న" ఫోల్డర్! అందులో నాన్నగారి పాత ఫోటోల స్కాన్‌లు ఉన్నాయి. వాటిని ఇంకా డిస్క్‌లోకి ఎక్కించలేదు. ఆర్‌ఎం కమాండ్‌తో తీసేసినవి ట్రాష్‌లోకి కూడా వెళ్లవు. ఊళ్లో తమ్ముడి దగ్గర కాపీలు ఉండబట్టి సరిపోయింది.

తప్పు ఎక్కడ జరిగింది?

మొదటి స్క్రిప్టుకు పేరును కొటేషన్లలోనే ఇచ్చాను. షెల్ ఆ కొటేషన్లు తీసేసి, పేరును మాత్రమే $1లో ఉంచుతుంది. లోపల రెండో స్క్రిప్టును పిలిచే లైనులో నేను ఒట్టి $1 రాశాను. కొటేషన్లు లేకపోతే బ్యాష్ ఆ పేరును ఖాళీ దగ్గర విడగొడుతుంది. అలా రెండోదానికి $1గా "నాన్న", $2గా "షష్టిపూర్తి" చేరాయి. అది $1ని తీసేసింది.

ఊరి నుంచి వచ్చే ఆవకాయ పార్సిల్‌ను కస్టమ్స్‌లో విప్పారనుకోండి, మళ్లీ ప్యాక్ చేశాకే కదా ముందుకు పంపుతాం. ఇదీ అంతే. చేయి మారిన ప్రతిసారీ కొటేషన్లు మళ్లీ పెట్టాలి.

గుర్తుంచుకోవలసినవి

• ఒక్క పేరు అందించాలంటే: "$1"
• వచ్చిన పేర్లన్నీ వేటికవిగా అందించాలంటే: "$@"
• "$*" అన్నింటినీ కలిపి ఒకే పేరుగా పంపుతుంది. ఈ పనికి వాడొద్దు.
• '$1' అని సింగిల్ కొటేషన్లలో పెడితే పేరుకు బదులు ఆ రెండు అక్షరాలే వెళ్తాయి.
• వర్డ్ నుంచి కాపీ చేస్తే వంకర కొటేషన్లు “ ” రావచ్చు. షెల్‌కు నిటారుగా ఉండే " " మాత్రమే పనికొస్తాయి.
• ఎన్ని పేర్లు అందాయో $# చెబుతుంది.

ఇప్పుడు నా రెండో స్క్రిప్టు మొదట $# చూస్తుంది. 1 కాకపోతే ఏమీ తీయకుండా ఆగిపోతుంది. మీరూ డిలీట్ చేసే స్క్రిప్టు రాస్తే, ముందు ఆర్‌ఎం స్థానంలో ఎకో పెట్టి, ఖాళీ ఉన్న పేరుతో ఒకసారి నడిపి చూడండి. ఫోటోలు పోయాక వెతుక్కునే కన్నా అది తేలిక.