చెన్నపట్నం చలికాలం: జెండా దించే రెండు నెలలు

ప్రతి ఏడూ డిసెంబరు చివర్లో ఢిల్లీ నుంచి మా పిన్ని ఫోన్ చేస్తుంది. "మీకేమే, చలీ గిలీ లేని ఊళ్లో హాయిగా ఉన్నారు" అంటుంది. కాదనలేం. సౌకార్‌పేటలో పుట్టి పెరిగిన మాలో ఎవరికీ రగ్గు కప్పుకోవడం సరిగ్గా చేతకాదు. మద్రాసులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 13.9 డిగ్రీలు. 1895 డిసెంబరు 11న ఒకసారి, 1905 జనవరి 29న ఒకసారి. మా వీధిలో ఇరవై డిగ్రీలకే పెద్దవాళ్లు చెవులకు మఫ్లర్లు చుట్టేసి, సాయంత్రం ఆరింటికే తలుపులు వేసేస్తారు.

అయితే మాకూ ఒక గడ్డు చలికాలం ఉంది. అది మంచుతో రాదు, సముద్రం మీది నుంచి వస్తుంది. ఏడాదంతా మెత్తగా ఉండే ఊరు ఆ రెండు నెలల్లో ఏదో ఒక రాత్రి ఉన్నట్టుండి తిరగబడుతుంది. ఏటా రాదు. కొన్నేళ్లకోసారి వస్తుంది. అందుకే మరిచిపోతాం. ఆ మరుపు గురించే ఈసారి రాస్తున్నాం. దానివల్ల మా ఇంట్లో పోయినదొకటి ఉంది, అదీ చెబుతాం.

తమిళ సామెత, కోట జెండా

"ఐప్పసి అడమళై, కార్తిగై కనమళై" అంటారిక్కడ. ఐప్పసిలో ఎడతెగని వాన, కార్తిగైలో కుండపోత అని. మన చాంద్రమానపు కార్తీకం దీపావళి మర్నాడే మొదలవుతుంది గానీ, వీళ్ల సౌరమానపు కార్తిగై నవంబరు నడిమికి గాని రాదు. అందుకే మా ఇంట్లో నోములకు మన పంచాంగం, వానకు మాత్రం తమిళ క్యాలెండరు. ఐప్పసి, కార్తిగై కలిపితే ఇంచుమించు అక్టోబరు 17 నుంచి డిసెంబరు 15 దాకా. ఈ ఊరికి ఏడాది మొత్తంలో పడే 1400 మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది.

విచిత్రమేమిటంటే, కోటలో దొరలు పెట్టుకున్న లెక్కా ఇదే. తెరచాప ఓడల కాలంలో సెయింట్ జార్జి కోట జెండాను అక్టోబరు 15న దించేసేవారు. మళ్లీ డిసెంబరు 15 దాకా ఎత్తేవారు కాదు. జెండా కనపడలేదంటే, ఈ తీరాన లంగరు వేయడం క్షేమం కాదు, వెళ్లిపొండని ఓడలకు సూచన. అప్పటికి మద్రాసుకు రేవు లేదు. ఓడలు తీరానికి దూరంగా సముద్రంలోనే ఆగేవి. మనుషులూ సరుకూ మాసులా పడవల్లో అలలు దాటి ఒడ్డుకు రావాలి. మేకులు లేకుండా చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పడవలవి. అల కొడితే వంగేవి గాని పగిలేవి కావు. ఈశాన్యపు గాలి లేచిందంటే వాటికీ దారి ఉండేది కాదు.

ఆ తేదీ ఊరికే పుట్టలేదు. 1746 సెప్టెంబరులో లా బూర్దొనే నాయకత్వంలో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. గెలిచిన ఓడలు కోట ముందే నిలబడి ఉండగా అక్టోబరు 13 రాత్రి తుఫాను వచ్చింది. కొన్ని ఓడలు మునిగాయి, మరికొన్నిటికి కొయ్యలు విరిగాయి, వందల మంది పోయారు. ఇంగ్లీషు ఫిరంగులు చేయలేని పని గాలి ఒక్క రాత్రిలో చేసింది. మిగిలిన ఓడలతో లా బూర్దొనే పుదుచ్చేరి దారి పట్టాడు.

ఆ యుద్ధంతో మన పేట కథకూ సంబంధం ఉంది. తెలుగు వర్తకులు, దుబాసీలు, నేతగాళ్లు ఎందరో ఉన్న పాత నల్లపట్నం అప్పటిదాకా కోట గోడకు ఆనుకునే ఉండేది. ఇవాళ హైకోర్టు ఉన్న చోటు అదే. ఆ యుద్ధమప్పుడు, తరవాతి ఏళ్లలోనూ కోట చుట్టూ ఖాళీ మైదానం కావాలని దాన్ని కూల్చేశారు. జనం ఉత్తరాన ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేటలకు జరిగారు. ఆ పెద్దనాయకన్‌పేటలోనే తరవాత సాహుకార్లు చేరి మన సౌకార్‌పేట అయింది. అంటే మన వీధులు రెండున్నర శతాబ్దాలుగా ఈ రెండు నెలలను చూస్తూనే ఉన్నాయి.

రేవు కట్టేస్తే ఈ భయం తీరుతుందని తరవాతి తరం అనుకుంది. 1876లో పని మొదలుపెట్టి సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. పని ముగియవస్తుండగా 1881 నవంబరులో తుఫాను వచ్చి చాలా భాగం కూల్చేసింది. మళ్లీ కట్టారు. రేవు నిలబడ్డాక ఓడలు ఏడాది పొడుగునా రావడం మొదలైంది. జెండా సంగతి ఊరు మరిచిపోయింది. జెండా అక్కర్లేకుండా పోయింది నిజమే. తేదీ మాత్రం ఎక్కడికీ పోలేదు.

నుంగంబాక్కంలో తెలుగు రాయి

లెక్క రాసిపెట్టిన చోటు కూడా ఈ ఊళ్లోనే ఉంది. 1792లో ఈస్టిండియా కంపెనీ నుంగంబాక్కంలో నక్షత్రశాల కట్టింది. ఆకాశాన్ని చూసినవాళ్లే గాలినీ వాననూ కొలిచి రాశారు. మద్రాసు వాన లెక్కలు 1813 నుంచి ఉన్నాయి. ఆ నక్షత్రశాల గ్రానైటు స్తంభం ఇప్పటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద వేరే భాషలతో పాటు మన తెలుగులోనూ శాసనం చెక్కారు. వెయ్యేళ్ల తరవాతి వాళ్లకు తెలియాలని చెక్కించారట. టీవీలో తుఫాను వార్త చెప్పేటప్పుడు వెనకాల కనిపించే ఆ ఆవరణలో ఒక తెలుగు రాయి ఉందని మా పిల్లలకు చెబితే నమ్మలేదు.

తాతయ్య బల్లలు

ఇక మా ఇంటి సంగతి. మా తాతయ్యది మళిగె కొట్టు. మీరు కిరాణా అనండి, పచారీ అనండి. సరుకు కొత్వాల్ చావడి నుంచి వచ్చేది. వానల ముందర ఆయనకు ఒక ఆచారం ఉండేది. కొట్లో బియ్యం, పప్పు బస్తాలన్నిటినీ నడుమెత్తు చెక్కబల్లల మీదికి ఎక్కించేవాడు. ఉప్పు, బెల్లం చెమ్మ తాగుతాయని జాడీల్లోకి మార్చేవాడు. అగ్గిపెట్టెలూ కొవ్వొత్తులూ డబ్బాలో పెట్టి మూత చుట్టూ మైనం పూసేవాడు. చిట్టాలు, ఆవర్జాలు గుడ్డలో మూటగట్టి అటక మీదికి. ధనుర్మాసం మొదలయ్యాకే అన్నీ కిందికి దిగేవి. "ఈ ఏడు వానే లేదుగా నాయనా" అని మా నాన్నగారు చిన్నప్పుడు అడిగితే, "వాన వచ్చాక ఎక్కిస్తారట్రా ఎవరైనా?" అనేవాడట.

మండువా ఇల్లు కాబట్టి వాన నడిమింట్లోనే పడేది. తూము కింద ఇత్తడి అండాలు పెట్టేవాళ్లు, మిగిలింది పెరటి బావిలోకి. తమిళనాడులో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది 2003లో. మా నాయనమ్మ ఆ వార్త విని, కొత్తగా ఏం కనిపెట్టారని అడిగింది.

1966 నవంబరు 3న తుఫాను మద్రాసు దగ్గరే తీరం దాటింది. స్తమాటిస్ అనే ఓడ మెరీనా ఇసుకలో చిక్కుకుంది. దాని శిథిలం ఆ తరవాత ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. ఊరంతా ఆ ఓడను చూడ్డానికి పోయింది. మా కొట్లో మాత్రం ఒక్క బస్తా తడవలేదు. బల్లలు ఎక్కించి పక్షం దాటింది మరి.

మెట్లు మునిగిన సంగతి

తాతయ్య పోయాక బల్లలు పోయాయి. 1990లలో ఇల్లు బాగుచేయించినప్పుడు అటక తీసేశాం. చిట్టాల మూట కింది గదిలో బీరువా అడుగు అరలోకి చేరింది. ఇంకొక మార్పు మెల్లగా జరిగింది గనక ఎవరమూ గమనించలేదు. నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుడు వీధి నుంచి అరుగుకు నాలుగు మెట్లు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేశారు. 2015 నాటికి మిగిలింది ఒకటే మెట్టు. ఇల్లు దిగలేదు, వీధి పెరిగింది.

ఆ ఏడు నవంబరులో నగరంలో 1,049 మిల్లీమీటర్ల వాన పడింది. 1918 నవంబరులో 1,088 పడ్డాక మళ్లీ అంత పడ్డది అప్పుడే. నేల నానిపోయి, చెరువులు నిండుగా ఉన్నప్పుడు డిసెంబరు 1 వచ్చింది. ఒక్క రోజులో తాంబరంలో 490 మిల్లీమీటర్లు. అడయారు పొంగి దక్షిణాన ఇళ్ల మొదటి అంతస్తుల దాకా నీళ్లు వచ్చాయి. విమానాశ్రయం మూతపడింది. 1878లో పుట్టిన హిందూ పత్రిక మొదటిసారి అచ్చు కాలేదు, పనివాళ్లు ప్రెస్సుకు చేరలేక. వాళ్ల కష్టంతో పోలిస్తే మాకు జరిగింది చాలా చిన్నది. వాల్‌టాక్స్ రోడ్డు పక్కన కాలువ నిండి, మురుగు బయటికి పోలేక వెనక్కి తన్నింది. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు. మూడు రోజులు మేడ మీదే ఉన్నాం. దిగి వచ్చి బీరువా తెరిస్తే తాతయ్య చిట్టాలు ముద్దయి ఉన్నాయి. సిరా అంతా కలిసిపోయి ఒక్క అక్షరమూ ఆనడం లేదు. ఈ పేటలో ఏ ఇంటికి ఎంత పప్పు పోయిందో, ఎవరెవరు తెలుగులో సంతకం పెట్టారో, ఏ ఏడు బల్లలు ఎక్కించడానికి ఎంత కూలీ ఇచ్చాడో అన్నీ అందులోనే ఉండేవి. బల్లల సంగతి నేర్పిన పుస్తకాలే బల్ల లేక పోయాయి.

మరిచిపోయింది మేమొక్కళ్లమే కాదు. మీలో చాలామంది చుట్టాలు టి.నగర్‌లో ఉంటారు. అది 1920లలో మాంబళం చెరువును ఎండబెట్టి వేసిన పేట. పేరు మన పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, నడిమి పార్కు పేరు పానగల్ రాజావారిది. ఇద్దరూ తెలుగువాళ్లే, మనకు గర్వమే. కానీ గట్టి వాన పడితే నీళ్లు తమ పాత చోటు వెతుక్కుంటూ అక్కడికే వస్తాయి. పశ్చిమ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు అని బోర్డు ఇంకా ఉంది. లేక్ మాత్రం లేదు.

మళ్లీ పద్దు పుస్తకం

మరుసటి ఏడే, 2016 డిసెంబరు 12న వర్దా వచ్చింది. ఈసారి వాన కంటే గాలి ఎక్కువ. గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలికి వేల చెట్లు కూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. పెద్ద నోట్లు రద్దయి అప్పటికి నెల దాటింది. చేతిలో నోట్లు లేవు, కరెంటు లేక కార్డు గీసే మిషను పనిచేయదు, ఏటీఎం తెరవదు. కొట్టు ముందు మనుషులు నిలబడ్డారు, పాలపొడీ కొవ్వొత్తులూ కావాలి. అప్పుడు మా నాన్నగారు పిల్లల నోటుబుక్కు ఒకటి తెప్పించి పద్దు రాయడం మొదలుపెట్టారు. మార్వాడీలు, గుజరాతీలు, తమిళులు, మనవాళ్లు అందరి పేర్లూ తెలుగులోనే రాశారు. సంక్రాంతి లోపల దాదాపు అందరూ తీర్చేశారు. ఊరు ఈ రెండు నెలలను ఎలా దాటిందని అడిగితే మా సమాధానం ఇదే: సగం బల్లల వల్ల, సగం పద్దుల వల్ల.

2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చేసరికి మేం కాస్త నేర్చుకున్నాం. నాలుగో తేదీన చెన్నైని ముంచి, ఐదున బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు బాపట్ల నుంచి మా మేనత్త మాకోసం ఫోన్ చేసి ఏడ్చింది. మర్నాడు మేం ఆమెకు చేశాం. ఒకే గాలి పుట్టింటినీ మెట్టినింటినీ వరసగా చూసి పోయింది.

తేదీలు ఒకసారి వరసగా పెట్టి చూడండి. అక్టోబరు 13, నవంబరు 3, డిసెంబరు 1, 4, 12. రెండు వందల డెబ్భై ఏళ్లకు పైగా తేడా ఉన్నా, దాదాపు అన్నీ జెండా దించిన ఆ రెండు నెలల లోపలే. మొదటిది మాత్రం రెండు రోజులు ముందు వచ్చింది. ఏ ఏడు వస్తుందో చెప్పలేం గానీ, ఏ నెలల్లో వస్తుందో సామెతకూ తెలుసు, కోటకూ తెలుసు, తాతయ్యకూ తెలుసు.

ఇప్పుడు మా వీధి గుమ్మం లోపల 2015 నీళ్ల గుర్తు రంగుతో గీసి ఉంది, పక్కన తేదీతో. మళ్లీ సున్నం వేయించినా దాన్ని చెరపొద్దని పిల్లలకు చెప్పాం. వర్దా నాటి నోటుబుక్కు ఆ గీత కంటే నాలుగడుగుల ఎత్తున ఉంది. అక్టోబరు 15 వస్తే మా పిల్లలు కింది అరలు ఖాళీ చేస్తారు. ఆ పనికి ఇంట్లో పేరు "జెండా దించడం".

మీరు ఏ ఊళ్లో స్థిరపడ్డా, ఆ ఊరికీ ఇలాంటి కొన్ని వారాలు ఉండే ఉంటాయి. మీ పెద్దవాళ్లను అడిగి ఆ తేదీ రాసి పెట్టండి. రాసిన కాగితం మాత్రం పై అరలో పెట్టండి.