ముప్పయ్యో వంతు: మోటుపల్లి శాసనం, మంగోలు సుంకాలు, గోల్కొండ గుత్త

కొల్లేటి ఊళ్లలో చెరువు పాడుకోవడమంటే ఏమిటో పిల్లలకు కూడా తెలుసు. పాట ఎవరు పెంచితే చెరువు వారిది. ఒప్పుకున్న సొమ్మును, దానిపైన లాభాన్ని ఆ చేపల మీదే రాబట్టుకోవాలి. చెరువుకు బదులు ఊళ్లు, రేవులు, వాటిలోని మనుషులు పాటకు వస్తే? పదమూడో శతాబ్దంలో మంగోలులూ, పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానులూ చేసింది అదే. దానికి భిన్నమైన పద్ధతి కూడా ఉండేదని చెప్పే రాయి ఒకటి మన తీరంలోనే నిలిచి ఉంది.

కాకతీయ గణపతిదేవుని కాలంలో ఇందులూరి సోమప్రధాని కొల్లేటి కొలనుకోటను జయించి కొలని సోమన అనిపించుకున్నాడు. కృష్ణకు దక్షిణాన మోటుపల్లి రేవు కూడా ఆ రాజు ఏలుబడిలోనిదే. అక్కడ 1244లో ఆయన వేయించిన అభయ శాసనంలో మనసును కదిలించే మాట ఒకటి ఉంది. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకువస్తే పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు లాగేసుకునేవారట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవారి సొత్తు వారికే వదిలి, నియమిత సుంకం మాత్రమే తీసుకుంటానన్నాడు. ఎగుమతి, దిగుమతి రెంటి మీదా ఆ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పట్టునూలు, మిరియాలు వంటి సరుకులకు విడివిడిగా రేట్లు కూడా చెక్కించాడు.

అదే ముప్పయ్యో వంతు చైనాలోనూ కనిపిస్తుంది.

మోటుపల్లిని ముత్‌ఫిలి అని పిలిచి, దాని వజ్రాలనూ సన్నని బట్టలనూ పొగిడిన మార్కోపోలో, కుబ్లాయ్ ఖాన్ ఏలుబడిలోని కిన్సాయ్ నగరంలో సరుకుల మీద నూటికి మూడుంపాతిక పైచిలుకు సుంకం ఉండేదని రాశాడు. లెక్క వేస్తే అది ముప్పయ్యో వంతే. అంతకు ముందే, 1236లో, ఒగొదేయ్ ఖాన్ మంత్రి యెలు చుత్సాయ్ ఉత్తర చైనాలో వర్తకం మీద ఈ రేటే పెట్టాడు. ఒకరిని చూసి ఒకరు పెట్టారనడానికి ఆధారం లేదు. సుంకం మితిమీరితే వర్తకుడు మరో రేవు చూసుకుంటాడన్న ఎరుక ఇద్దరికీ ఉందనుకోవడమే సబబు.

యెలు చుత్సాయ్ ఖితాన్ జాతివాడు. పొలాలను గుర్రాల మేతబీళ్లుగా మార్చేద్దామన్న మంగోలు సర్దారులకు అడ్డుపడి, రైతును బతకనిస్తే ఏటేటా వెండి, పట్టు, ధాన్యం వస్తాయని ఖానుకు లెక్క చూపించాడు. ఆ లెక్క ఫలించడమే అతని పద్ధతికి ముప్పయింది. 1238 నాటికి వసూలు 22 వేల వెండి కడ్డీలకు చేరింది. మరుసటి ఏడు అబ్దుర్ రహమాన్ అనే వర్తకుడు 44 వేలకు పాట పాడాడు. చుత్సాయ్ ఎంత మొత్తుకున్నా ఖాను వినలేదు. పన్ను గుత్తకు పోయింది. జనానికి రెట్టింపు పండిందా లేదా అని అడిగిన నాథుడు లేడు.

ఇరాన్‌ను ఏలిన మంగోలు శాఖ ఈ దోపిడీ ఫలితాన్ని కళ్లారా చూసింది. రైతులు ఊళ్లు విడిచి పారిపోయారు. చివరికి గజాన్ ఖాన్ ప్రతి ఊరి పన్ను ఎంతో రాతి మీదో, లోహపు పలక మీదో చెక్కించి అందరికీ కనబడేలా పెట్టమని ఆజ్ఞాపించాడు. మోటుపల్లి వర్తకుడికి దక్కిన భరోసా అక్కడ రైతుకూ దక్కాలన్న ప్రయత్నం అది. ఈ పోలికలో అన్నిటికంటే విలువైనది ఇదేనని ఈ వ్యాసం భావిస్తుంది.

కృష్ణా గోదావరుల నడుమ మాత్రం కథ వెనక్కి నడిచింది. కొండవీటి అనపోతరెడ్డి 1358లో మోటుపల్లి వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు కానీ, గోల్కొండ కాలానికి ఏలూరు సీమ, మచిలీపట్నం రేవు గుత్తల పాలయ్యాయి. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ ఈ పద్ధతిని వివరంగా రాశాడు. అధికారం ఎక్కువ సొమ్ము ఒప్పుకున్నవాడిది. రాజుకు కట్టవలసింది కట్టని ఒక మచిలీపట్నం అధికారిని బెత్తాలతో చచ్చేదాకా కొట్టారు. తలమీద అంత భయం పెట్టుకున్నవాడు కింది రైతునూ నేతగాణ్ణీ ఎలా పిండి ఉంటాడో ఊహించడం కష్టం కాదు.

అదే గోల్కొండలో 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్ల కంపెనీకి బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏటా 500 వరహాలు కడితే చాలు, రాజ్యంలోని రేవులన్నిట్లో వ్యాపారం చేసుకోవచ్చు. ఓడలోని బట్టకు లెక్క ముందే తేలింది. ఆ బట్ట నేసినవాడి ఊరు మాత్రం పాటలోనే ఉండిపోయింది.