మా గడియారానికి చెవుడొచ్చిన రోజు

మా తాతయ్య ప్రతి ఆదివారం గోడ గడియారానికి కీ ఇచ్చేవారు. రేడియోలో వార్తల ముందు పీప్ పీప్‌మని వినబడగానే స్టూలెక్కి ముల్లు సరిచేసేవారు. టైము చెప్పేది రేడియో, ముల్లు తిప్పేది తాతయ్య.

ఇక్కడ న్యూజెర్సీలో మా వంటింటి గడియారం రేడియో మాట తనే వింటుంది, ముల్లూ తనే తిప్పుకుంటుంది. ఆ మాట వచ్చేది కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ దగ్గరున్న డబ్ల్యూ డబ్ల్యూ వీ బీ కేంద్రం నుంచి. 1963లో అది మొదలైనప్పుడు టైము చెప్పేది కాదు. 1965లో తేదీ, టైము సంకేతాలుగా పంపడం మొదలుపెట్టారు. 1999లో పవర్ 50 కిలోవాట్లకు పెంచాక ఇలాంటి గడియారాలు మామూలు ఇళ్లలోకి బాగా వచ్చాయి.

సెకనుకో గుర్తు చొప్పున, టైమంతా చెప్పడానికి ఆ కేంద్రానికి ఒక నిమిషం పడుతుంది. 60 కిలోహెర్ట్జ్ తరంగాలు రాత్రిపూట దూరాలకు బాగా అందుతాయి. అందుకే మనం పడుకున్నాక గడియారం చెవి ఒగ్గి వింటుంది. మిగతా వేళంతా లోపలి క్వార్ట్జ్ మీద మామూలుగా నడుస్తుంది. రెండిటికీ ఆధారం ఒక్క పెన్సిల్ సెల్లు.

నేను పొరపాటు చేసింది అక్కడే. పొదుపుగా ఉంటుందని రీచార్జబుల్ సెల్లు వేశాను. మామూలు సెల్లు 1.5 వోల్టులైతే ఇది 1.2. ముళ్లు చక్కగా తిరుగుతున్నాయి కదా అని పట్టించుకోలేదు.

మార్చి రెండో ఆదివారం ఇక్కడ టైము గంట ముందుకు జరుగుతుంది. మా గడియారం మాత్రం జరగలేదు. ఆ రోజే మా అమ్మాయి డాన్సు ప్రోగ్రాం. గడియారం చూసుకుంటూ తీరిగ్గా జడ వేసి, పూలు పెట్టి తీసుకెళ్లాను. మేం వెళ్లేసరికి తన స్నేహితురాళ్లు స్టేజీ మీద ఉన్నారు. తిరిగొస్తూ కార్లో అది గజ్జెలు విప్పుకుంటూ, "గడియారం తనే మారుతుందన్నావు కదమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి గడియారంతో ఇచ్చిన కాగితం తీశాను. రీచార్జబుల్ వద్దు, ఆల్కలైన్ సెల్లే వేయమని స్పష్టంగా ఉంది. అది వేసి, ఆ రాత్రి పడమటి కిటికీలో, ఫ్రిజ్‌కీ టీవీకీ దూరంగా పెట్టాను. కొలరాడో మాకు పడమరే కదా. తెల్లారేసరికి గంట సరిదిద్దుకుంది.

ఇప్పుడు ఫిబ్రవరి చివర్లో ఒకటి, అక్టోబరు చివర్లో ఒకటి కొత్త సెల్లు వేస్తున్నాం. స్టూలెక్కేది మా అమ్మాయే. గడియారం నడుస్తోందంటే వింటోందని కాదని ఇప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు.

మీ ఇంటి గడియారంలో సెల్లు మార్చి ఎన్నాళ్లయింది? ఒకసారి చూసుకోండి.